గుర్రాల కంటి జబ్బులకు కారణమయ్యే వైరస్‌లు

గుర్రం కన్ను ఎర్రబడి నీరు కారితే దుమ్మో, ఈగలో, దెబ్బో కారణమని భావించడం సహజం. అయితే కొన్ని సందర్భాల్లో అది వైరస్ వ్యాధికి తొలి సూచన కావచ్చు.

వీటిలో ప్రధానమైనవి హెర్పిస్ వైరస్‌లు. అశ్వ హెర్పిస్ రెండో రకానికి, ముఖ్యంగా గుర్రపు పిల్లల్లో, కండ్లకలక, కార్నియా వాపులతో సంబంధం ఉన్నట్లు గుర్తించారు. గర్భస్రావానికి, పక్షవాతానికి దారితీసే ఒకటో రకం కొన్నింటిలో రెటీనాపై శాశ్వతమైన మచ్చలను మిగుల్చుతుంది. ఈ వైరస్‌లు శరీరంలో నిద్రాణంగా ఉండి, దూరప్రయాణం, అలసట వంటి ఒత్తిళ్లలో మళ్లీ విజృంభిస్తాయి.

అశ్వ ఇన్‌ఫ్లుయెంజాలో జ్వరం, పొడిదగ్గుతో పాటు కళ్ల నుంచి నీరు కారుతుంది. 2008లో ఈ వ్యాధి వైష్ణోదేవి యాత్రికుల విడిది అయిన కట్రాలో బయటపడి, పలు రాష్ట్రాలకు వ్యాపించింది. వైరల్ ఆర్టరైటిస్‌లో కళ్ల చుట్టూ వాపు వస్తుంది. చిన్న దోమల వంటి కీటకాల ద్వారా సోకే ఆఫ్రికన్ అశ్వవ్యాధిలో కళ్ల పైభాగపు గుంటలు ఉబ్బుతాయి.

కంటికి సొంతంగా స్టెరాయిడ్ చుక్కలు వేయరాదు. కార్నియాపై పుండు ఉంటే అవి దానిని ముదిరింపజేసి చూపునే హరించవచ్చు. ఫ్లోరసీన్ రంగుచుక్కతో పశువైద్యుడు పుండును గుర్తిస్తారు. కంటి స్రావానికి పీసీఆర్ పరీక్ష చేస్తే వైరస్ తెలుస్తుంది. అంతవరకు ఆ గుర్రాన్ని విడిగా కట్టి, నీటితొట్టి, తువ్వాలు వేరుగా ఉంచాలి. చూపు కోల్పోయిన గుర్రంతో పాటు దానిపై ఆధారపడిన కుటుంబమూ జీవనోపాధి కోల్పోతుంది.