ఆవర్జాలో పేరు

రేపల్లెలో మా నాన్న కిరాణా కొట్టుకు రెండు పుస్తకాలుండేవి. గల్లాపెట్టె పక్కన చిట్టా, లోపల చెక్క బీరువాలో ఆవర్జా. ఏ రోజు బేరం ఆ రోజు చిట్టాలో పడేది. రాత్రి కొట్టు కట్టేశాక నాన్న ఆ పద్దులన్నీ ఎవరి పేరు కింద వాళ్లవి ఆవర్జాలోకి ఎత్తి రాసేవారు. గుమ్మం పైన ‘నేడు నగదు - రేపు అరువు’ అన్న బోర్డు వేలాడుతూనే ఉండేది. అయినా సగం బేరం అరువు మీదే. కుప్పనూర్పిళ్లయి ధాన్యం అమ్ముడయ్యాక, సంక్రాంతి ముందో వెనకో, రైతులొచ్చి లెక్క తీర్చేవాళ్లు. చెప్పిన గడువుకు తీర్చిన వాళ్ల పేరు పక్కన నాన్న పెన్సిల్‌తో చిన్న టిక్కు పెట్టేవారు. అదెందుకని ఒకసారి అడిగాను. “డబ్బు పద్దు తీరిపోతుంది తల్లీ, కొట్టేస్తాం. ఇది మాత్రం వాళ్ల పరపతి. కొట్టెయ్యడానికి లేదు” అన్నారు.

మా మేనకోడలు హైదరాబాద్‌లో ఉద్యోగంలో చేరి రెండేళ్లు కావస్తోంది. పద్నాలుగు నెలల కిందట పాతికవేలు ఫిక్స్‌డ్ డిపాజిట్ చేసి, దాని పూచీ మీద మొదటి క్రెడిట్ కార్డు తీసుకుంది. ఇప్పుడు ఆమె క్రెడిట్ స్కోరు 761. పోయిన వారం ఫోన్ చేసి, “అత్తా, రోజుకొక బ్యాంకు ఫోన్ చేసి కార్డిస్తామంటోంది. ఒకరు పాయింట్లంటారు, ఒకరు క్యాష్‌బ్యాక్ అంటారు, ఒకరు విమానాశ్రయంలో లాంజ్ అంటారు. రెండో కార్డుగా ఏది తీసుకోను?” అని అడిగింది. ముప్ఫై ఏళ్లు బ్యాంకులో అప్పుల బల్ల దగ్గర కూర్చున్నదాన్ని. ఒక్క మాటలో చెప్పి ఊరుకోలేకపోయాను. ఆ కార్డులో రెండు పాత కథలు కలిసి ఉన్నాయి. ఒకటి అరువిచ్చేవాడి పుస్తకం కథ, రెండోది బహుమతి కథ. రెండూ వేర్వేరుగా పుట్టాయి. ఏది ఎందుకు పుట్టిందో తెలిస్తే ఏ కార్డు తీసుకోవాలో దానంతటదే తేలుతుంది.

ముందు పుస్తకం సంగతి. తెలుగులో ‘పరపతి’కి రెండర్థాలు. పలుకుబడీ పరపతే, అప్పు పుట్టే యోగ్యతా పరపతే. అందుకే మన ఊళ్లలో రైతులకు అప్పులిచ్చే సంఘానికి ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘమని పేరు. మద్రాసు ప్రభుత్వం పంపగా ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి ఐరోపా వెళ్లి, జర్మనీలో రైఫైజెన్ నడిపించిన పల్లె పరపతి సంఘాలను చూసొచ్చి, 1890ల్లో నివేదిక రాశాడు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. రైఫైజెన్ పద్ధతిలో సంఘం ఒక్క ఊరికే పరిమితం. ఒకడు ఎగ్గొడితే మిగతావాళ్లందరూ బాధ్యులు. కాబట్టి ఎవడెలాంటివాడో ఊరే కనిపెట్టుకుని ఉండేది. అక్కడ స్కోరు వేసేది ఇరుగూపొరుగే.

ఊరు దాటిన వ్యాపారానికి ఈ పద్ధతి చాలదు. 1837లో అమెరికాలో పెద్ద ఆర్థిక సంక్షోభం వచ్చింది. దూరపు ఊళ్ల దుకాణదారులకు సరుకు అరువిచ్చిన న్యూయార్క్ వర్తకులు వరసగా మునిగారు. అలా దెబ్బతిన్న పట్టు వ్యాపారి లూయిస్ టాపన్ 1841లో మర్కంటైల్ ఏజెన్సీ అనే సంస్థ పెట్టాడు. ఊరూరా లాయర్లను, పెద్దమనుషులను ప్రతినిధులుగా పెట్టుకుని, ఏ దుకాణదారుడి ఆస్తి ఎంత, నడవడి ఎలాంటిది, మాట మీద నిలబడతాడా లేదా అన్నది తెప్పించుకుని లావుపాటి పుస్తకాల్లోకి ఎక్కించేవాడు. చందా కట్టిన వర్తకులకు ఆ వివరాలు చెప్పేవారు. ఆ సంస్థే తరవాత ఆర్. జి. డన్ అయింది, 1933లో పోటీ సంస్థ బ్రాడ్‌స్ట్రీట్‌తో కలిసి డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్ అయింది.

టాపన్ పుస్తకం వర్తకుల గురించి. ఇంటి మనిషి గురించిన పుస్తకం కిరాణా కొట్ల నుంచే వచ్చింది. టెనెసీ రాష్ట్రంలోని చాటనూగాలో కేటర్ వుల్‌ఫర్డ్ అక్కడి కిరాణా వర్తకుల సంఘం కోసం ఖాతాదారుల జాబితా తయారుచేశాడు. ఎవరు వెంటనే కడతారు, ఎవరు నిదానంగా కడతారు, ఎవరికి నగదుకే అమ్మాలి అని గుర్తులు పెట్టడం అందులో పని. అది బాగా పనికొచ్చేసరికి తమ్ముడు గైతో కలిసి 1899లో అట్లాంటాలో రిటైల్ క్రెడిట్ కంపెనీ పెట్టాడు. మా నాన్న పెన్సిల్ టిక్కుకూ వాళ్ల గుర్తులకూ మధ్య నాకు పెద్ద తేడా కనిపించదు. ఒక్కటే తేడా. నాన్న పేజీ తిప్పి చూపించమంటే చూపించేవారు. వాళ్ల పేజీ ఆ మనిషికి చూపించేవాళ్లు కాదు.

ఆ తేడా పెరిగి పెద్ద అన్యాయమైంది. తాగుతాడా, కాపురం సవ్యంగా ఉందా లాంటి సంగతులు కూడా ఫైళ్లకెక్కాయి. ఎందుకు అప్పు పుట్టలేదో, ఎందుకు బీమా ఇవ్వలేదో తెలియక జనం తిరిగారు. ప్రజల నిరసన మీద 1970లో అమెరికా కాంగ్రెస్ చట్టం చేసింది. తన గురించి ఏం రాశారో తెలుసుకోవడానికి, తప్పుంటే ప్రశ్నించడానికి మనిషికి హక్కొచ్చింది. 1974లో మరో చట్టం వచ్చేదాకా ఆడవాళ్లకు భర్త సంతకం లేకుండా కార్డివ్వడానికి చాలా సంస్థలు ఒప్పుకునేవి కావు. రిటైల్ క్రెడిట్ కంపెనీ డెబ్బైల్లోనే పేరు మార్చుకుని ఈక్విఫాక్స్ అయింది. ఇంకోపక్క బిల్ ఫెయిర్, ఎర్ల్ ఐజాక్ అనే ఇద్దరు 1956లో మొదలుపెట్టిన సంస్థ, మనిషి మంచిచెడ్డల ఊసెత్తకుండా అతని చెల్లింపుల లెక్కతోనే మార్కులు వేసే పద్ధతి తెచ్చింది. 1989లో అది 300 నుంచి 850 దాకా ఉండే ఫైకో స్కోరుగా బ్యాంకులన్నిటికీ అందింది. అందులో సమయానికి కట్టడానికి 35 శాతం బరువు, ఉన్న పరిమితిలో ఎంత వాడుకున్నామన్న దానికి 30 శాతం, ఖాతాల వయసుకు 15 శాతం.

ఇక బహుమతి కథ. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో అమెరికా దుకాణాలు కొనుగోలుదారులకు స్టాంపులివ్వడం మొదలుపెట్టాయి. 1896లో స్పెర్రీ అండ్ హచిన్సన్ సంస్థ గ్రీన్ స్టాంపులు తెచ్చింది. కొన్నదాన్నిబట్టి స్టాంపులిస్తారు, వాటిని చిన్న పుస్తకంలో అంటించుకుంటూ పోతే నిండిన పుస్తకాలకు ఇంటి సామానిస్తారు. ఇందులో గట్టిగా గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఒకటుంది. ఆ స్టాంపులు మొదట పుట్టింది నగదిచ్చి కొనేవాళ్ల కోసం. అరువు వసూలు చేసుకునే శ్రమ తప్పించినందుకు దుకాణదారు ఇచ్చే కానుక అది. అరువు తీసుకునేవాళ్లకు పుస్తకం, అరువు పెట్టనివాళ్లకు స్టాంపు. రెంటినీ ఒకే మనిషి చేతిలో పెట్టింది క్రెడిట్ కార్డు.

1950లో న్యూయార్క్‌లో ఫ్రాంక్ మెక్‌నమారా డైనర్స్ క్లబ్ మొదలుపెట్టాడు. హోటళ్లలో తిని నెలాఖరున మొత్తం కట్టే కార్డది. 1958 సెప్టెంబరులో బ్యాంక్ ఆఫ్ అమెరికా కాలిఫోర్నియాలోని ఫ్రెస్నో పట్టణంలో అరవైవేల కార్డులు ఎవరూ అడగకుండానే పోస్టులో పంపింది. ఆ కార్డే 1976లో వీసా అయింది. ఎవరెలాంటివాళ్లో చూడకుండా పంచిన కార్డులవి. బకాయిలతో, మోసాలతో మొదట్లో బ్యాంకు బాగా నష్టపోయింది. అడగనివాళ్లకు కార్డులు పంపడాన్ని అమెరికా 1970లో నిషేధించింది. స్టాంపు కార్డులోకి చేరింది తర్వాత. 1981లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ ప్రయాణించిన దూరానికి కానుకలిచ్చే మైళ్ల లెక్క మొదలుపెట్టింది. 1986లో సియర్స్ సంస్థ డిస్కవర్ కార్డుతో క్యాష్‌బ్యాక్ తెచ్చింది. 1987లో సిటీబ్యాంక్ కార్డుకు మైళ్లు జతయ్యాయి.

కార్డు మన దేశానికి 1961లో డైనర్స్ రూపంలో వచ్చింది. తెలుగువాళ్ల బ్యాంకు అందులో ముందు వరసలో ఉండడం నాకు గర్వం. భోగరాజు పట్టాభి సీతారామయ్య 1923లో బందరులో స్థాపించిన ఆంధ్రా బ్యాంకు 1981లోనే క్రెడిట్ కార్డు తెచ్చింది. 2020 ఏప్రిల్ 1న ఆ బ్యాంకు యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది.

కార్డు అంత త్వరగా వచ్చినా పుస్తకం మాత్రం రాలేదు. 1985లో నేను ఉద్యోగంలో చేరేనాటికి మా దగ్గర ఎవరి చరిత్రా ఉండేది కాదు. అప్పుకోసం వచ్చిన రైతును ఊళ్లోని బ్యాంకులన్నిటికీ తిప్పి ‘నో డ్యూస్’ సర్టిఫికెట్లు తెమ్మనేవాళ్లం. నాలుగు బ్యాంకుల చుట్టూ తిరిగి, నాలుగు స్టాంపులు వేయించుకుని, చెప్పులరిగి వచ్చేవాడు పాపం. ఇన్నేళ్లూ ఒక్క వాయిదా తప్పని మనిషికీ అదే తిప్పట. కట్టినందుకు అతని పేరున ఎక్కడా ఒక టిక్కు పడేది కాదు.

2000లో సిబిల్ అనే పరపతి సమాచార సంస్థ ఏర్పడింది. అప్పట్లో స్టేట్ బ్యాంకు, హెచ్‌డీఎఫ్‌సీ ప్రధాన వాటాదారులు. మిగిలిన రెండు వాటాల్లో ఒకటి ట్రాన్స్‌యూనియన్‌ది, రెండోది డన్ అండ్ బ్రాడ్‌స్ట్రీట్‌ది. టాపన్ పుస్తకం నూట అరవై ఏళ్లకు బొంబాయి చేరిందన్నమాట. 2005లో ఇలాంటి సంస్థల కోసం చట్టమొచ్చింది. ఆ తరవాత అట్లాంటా కిరాణా పుస్తకపు వారసురాలు ఈక్విఫాక్స్ కూడా అనుమతి తెచ్చుకుంది. సిబిల్ స్కోరు 300 నుంచి 900 దాకా. దాని వెనకుండే నివేదికలో మూడేళ్ల దాకా నెలనెలా ఎన్ని రోజులు ఆలస్యంగా కట్టామో ఉంటుంది. గడువుకే కడితే ఆ నెల కింద మూడు సున్నాలు పడతాయి. మా నాన్న టిక్కు ఇప్పుడు ఆ మూడు సున్నాలు.

ఆ పుస్తకం విలువ నా మీదికి వచ్చాకే నాకు పూర్తిగా తెలిసింది. బదిలీల్లో ఊళ్లు మారుతూ పాత కార్డొకటి బీరువాలో పడేసి మరిచిపోయాను. చిరునామా మార్చమని రాసిచ్చాను, మార్చలేదు. వార్షిక రుసుము బిల్లు పాత ఇంటికి వెళ్లింది. వందల్లో ఉన్న బకాయి వేలైంది. అప్పుల బల్ల దగ్గర పనిచేసినదాన్ని, ఇంటి అప్పుకు వెళితే కాదన్నారు. నివేదిక తెప్పించుకుని, కాగితాలు జతచేసి, రాసి, మళ్లీ రాసి సరిచేయించుకునేసరికి ఏడాది దాటింది.

అందుకే మా మేనకోడలికి చెప్పాను. రెండో కార్డు చూసేముందు మొదటిదాన్ని కాపాడుకో. నీ పేరున ఎక్కువ వయసున్న పద్దు అదే. ఏడాదికి పైగా వాడని కార్డును, ముందుగా తెలియజేసి, మూసే పని మొదలుపెట్టాలని రిజర్వు బ్యాంకు 2022లో నిబంధన పెట్టింది. కాబట్టి ఫోన్ బిల్లో కరెంటు బిల్లో దాని మీద నెలనెలా పడనీ. పరిమితిలో మూడో వంతుకు లోపే వాడు. ఫోన్ చేసిన అందరికీ దరఖాస్తు పెట్టకు. ఒక్కొక్క దరఖాస్తూ నీ నివేదికలో విచారణగా పడుతుంది. జీతం పడే బ్యాంకులోనే ముందు అడుగు.

ఇక బహుమతి. కాగితం మీద మూడు నెలల ఖర్చు రాయమన్నాను. కార్డు మీద పడేది నెలకు పన్నెండు వేలని తేలింది. అందులో ఎక్కువ భాగం కూరగాయలు, సరుకులు, పెట్రోలు, సొంతూరికి రైలు టికెట్లు. ఒక శాతం చొప్పున ఏడాదికి 1,440 రూపాయలు వస్తాయి. 999 రూపాయల వార్షిక రుసుము, పన్నుతో కలిపి 1,179 పోతే మిగిలేది 261. రుసుము లేని మామూలు క్యాష్‌బ్యాక్ కార్డయితే మొత్తం నీదే. ఏడాదికి రెండుసార్లు కూడా విమానమెక్కని పిల్లకు లాంజ్ ఎందుకు? ఒక్క నెల బిల్లు పూర్తిగా కట్టకపోతే నెలకు సుమారు మూడున్నర శాతం వడ్డీ పడుతుంది. ఏడాదంతా ఏరుకున్న స్టాంపులు అందులో కొట్టుకుపోతాయి. మొదట స్టాంపులిచ్చింది నగదు కట్టినవాళ్లకే. నేటికీ పాయింట్లు నిజంగా దక్కేది గడువులోగా మొత్తం కట్టేవాళ్లకే. పుస్తకంలో పేరు కోసం అరువు తీసుకో, స్టాంపు కోసం నగదులా కట్టు. రెండూ చేసినవాళ్లకే ఈ కార్డు లాభం.

ఆమె రుసుము లేని కార్డుకు, జీతం పడే బ్యాంకులో, ఒక్క దరఖాస్తు పెట్టింది.

ఇది చదివినవారికి ఒక మనవి. 2017 నుంచి ప్రతి పరపతి సమాచార సంస్థా ఏడాదికొకసారి మీ పూర్తి నివేదిక ఉచితంగా ఇవ్వాలి. తెప్పించుకుని మీ పేజీ వరసవరసగా చదవండి. మీది కాని అప్పు ఉన్నా, తీరిన బాకీ తీరలేదని ఉన్నా వెంటనే ఫిర్యాదు రాయండి. 30 రోజుల్లో తేల్చకపోతే రోజుకు వంద రూపాయల చొప్పున మీకు పరిహారం ఇవ్వాలని 2024 నుంచి నిబంధన ఉంది. ఆవర్జా ఎవరి దగ్గరున్నా అందులో పేరు మీది.