కల్లు అను మాట

మన కడప, కర్నూలు మండలములలో ‘కల్లు’ అనఁగానే ఈతచెట్టునకుఁ గట్టిన కుండ కన్నులకుఁ గట్టును. కాని యీ మాట యర్థము ఎల్లకాలమును నిట్లే యుండలేదు.

తమిళమున ‘కళ్’ అనియు, కన్నడమున ‘కళ్ళు’ అనియు నిదే మాట కలదు. తిరుక్కుఱళ్‌లో కల్లు త్రాగకుండుటను గూర్చి పది పద్యముల అధికారము గలదు. అచ్చట నీ మాట చెట్టురసమునకే గాక మద్యమున కంతటికిని జెల్లును. అనఁగా మొదట విశాలమైన మాట, పిమ్మట మన చెట్లకు ముడివడినది.

పాశ్చాత్యులలోను నిట్లే జరిగినది. ఆపిలు పండ్ల రసమును పులియఁబెట్టి చేసిన పానీయమును వారు ‘సైడరు’ అందురు. దానికి మూలము హీబ్రూ భాషలోని ‘షేఖార్’. మత్తు గలిగించు పానీయమని మాత్రమే దాని యర్థము. గ్రీకు, లాటిను, ఫ్రెంచి భాషల మీఁదుగా ఇంగ్లీషునకుఁ జేరి, ఆపిలు తోఁటలు గల సీమలలో ఆ పండు రసమునకే అది నిలిచిపోయెను. అమెరికాలో మఱియొక వింత: అచ్చట సైడరనఁగా సాధారణముగాఁ బులియని తీపిరసమే. పులిసినదానిని ‘గట్టి సైడరు’ అని వేఱుగాఁ జెప్పుదురు.

ఈ భేదము మనకును ముఖ్యమే. తెల్లవాఱక మునుపు దించిన ఈతరసము తీయగా నుండును. ప్రొద్దెక్కిన కొలఁది పులిసి, నురుగు గట్టి, మత్తు నిచ్చును. కుండలోపల సున్నము పూసినచో రసము త్వరగాఁ బులియదు. దానిని గాఁచిన బెల్లమగును. చెట్టొకటే, గీత యొకటే, ఫలము రెండు.

1937లో మదరాసు ప్రభుత్వము మద్యనిషేధ శాసనము చేసినది. అందు వాడిన ‘టాడీ’ యను ఇంగ్లీషు మాట, తాటిచెట్టు పేరునుండి పుట్టిన హిందీ ‘తాడీ’యే. పులిసినను బులియకున్నను తాటి, ఈత, కొబ్బరి చెట్ల రసమంతయు టాడీయే యని శాసనము నిర్వచించెను. 1938 అక్టోబరు 1న కడప జిల్లాలో నది యమలునకు వచ్చెను. 1948 నాఁటికి నిషేధము రాష్ట్రమంతటను వ్యాపించినది. తాగుబోతు నింటికి మేలు చేయఁదలఁచిన శాసనమే యైనను, బెల్లము కొఱకుఁ దీపిరసము దీయు గీతగాఁడు సైతము అనుమతి లేక చెట్టు గీయరాదయ్యెను. ఒక్క మాట రెండు పదార్థములను గప్పుటచే, ఈడిగవారి కూటికి అధికారి చీటి కావలసివచ్చెను.

తీపిరసమునకు నేఁడు ‘నీరా’ యను వేఱు పేరు గలదు. కావునఁ బాత దస్తావేజులోఁ గాని, శాసనములోఁ గాని ‘కల్లు’ అని కనఁబడినప్పుడు, అది పులిసినదా, పులియనిదా యని మొదట విచారింపవలెను. మాట యర్థము తేలక న్యాయము తేలదు.