ఎలక్ట్రానిక్ రోగి రికార్డు: ఆసుపత్రులలో ప్రవేశ చరిత్ర

రోగి వ్యాధి చరిత్ర, పరీక్షల ఫలితాలు, వైద్యుడు రాసిన మందులు, నర్సులు నమోదు చేసిన కొలతలు, డిశ్చార్జి సమ్మరీ మొదలైనవన్నీ కంప్యూటరులో ఒకే చోట భద్రమై, అధికారం ఉన్న సిబ్బందికి అవసరమైన చోటల్లా కనిపించే ఏర్పాటును ఎలక్ట్రానిక్ రోగి రికార్డు అంటారు. బిల్లులకు, పడకల లెక్కకు వాడే ఆసుపత్రి సాఫ్ట్‌వేరు దీనికి భిన్నమైనది. అది కార్యాలయ పనిని మారుస్తుంది, రోగి రికార్డు మాత్రం వైద్యుడు రోగిని పరీక్షించే తీరునే మారుస్తుంది. అందువల్ల ఈ చరిత్రలో యంత్రాల సామర్థ్యం కన్నా వాటిని వార్డులోకి ఎవరు, ఎలా తెచ్చారన్నదే నిర్ణాయకమైంది.

కంప్యూటరుకు ముందే కేసు షీటు రూపం మారవలసి వచ్చింది. 1968లో లారెన్స్ వీడ్ అనే అమెరికన్ వైద్యుడు, రికార్డును తేదీల వరుసలో కాక రోగి సమస్యల వారీగా రాయాలనీ, ప్రతి సమస్య కింద రోగి చెప్పినది, వైద్యుడు గమనించినది, నిర్ధారణ, చికిత్స ప్రణాళిక అనే నాలుగు భాగాలు ఉండాలనీ ప్రతిపాదించాడు. ఇదే కాలంలో యూటా రాష్ట్రంలో హోమర్ వార్నర్ బృందం, బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో ఆక్టో బార్నెట్ ప్రయోగశాల తొలి వ్యవస్థలను నిర్మించాయి. బార్నెట్ ప్రయోగశాలలో పుట్టిన మంప్స్ అనే ప్రోగ్రామింగ్ భాష, సమాచారాన్ని కొమ్మలు రెమ్మలుగా అమర్చి, ఒకే చిన్న కంప్యూటరును అనేకమంది ఒకేసారి వాడుకునే వీలు కల్పించింది. ఒక్కో రోగికి ఒక్కో రకమైన వివరాలుండే వైద్య సమాచారానికి ఈ అమరిక చక్కగా సరిపోయింది.

అయితే వైద్యులకు యంత్రం ఎందుకు? ఈ ప్రశ్నకు బలమైన సమాధానం 1976లో ఇండియానాపోలిస్‌లోని రీగెన్‌స్ట్రీఫ్ సంస్థకు చెందిన క్లెమ్ మెక్‌డొనాల్డ్ ప్రచురించిన అధ్యయనంలో లభించింది. రోగి స్థితిని బట్టి చేయవలసిన పనిని కంప్యూటరు గుర్తుచేసినప్పుడు వైద్యులు 51 శాతం సందర్భాలలో స్పందించగా, గుర్తుచేయనప్పుడు 22 శాతం సందర్భాలలోనే స్పందించారు. లోపం వైద్యుల అజ్ఞానంలో లేదనీ, మనిషి ఒకేసారి మనసులో ఉంచుకోగల వివరాలకు పరిమితి ఉండడమే దానికి కారణమనీ ఆయన తేల్చాడు. ఎలక్ట్రానిక్ రికార్డు పక్షాన ఇంతకు మించిన వాదం తరువాత కూడా అరుదుగానే వచ్చింది.

దేశవ్యాప్తంగా ఆసుపత్రులలో వ్యవస్థ స్థిరపడడానికి అత్యంత విశిష్టమైన ఉదాహరణ అమెరికా మాజీ సైనికుల ఆసుపత్రులది. 1970ల చివర వాటిని నడిపే శాఖలో కొందరు వైద్యులు, ప్రోగ్రామర్లు మంప్స్ భాషలో చిన్న చిన్న ప్రోగ్రాములు రాసి, తమ ఆసుపత్రులలోనే పరీక్షించి, ఒకరికొకరు పంచుకున్నారు. ఉదయం వార్డులో వైద్యుడు ఎత్తిచూపిన లోపాన్ని అక్కడే ఉన్న ప్రోగ్రామరు వెంటనే సవరించగలగడం వీరి పద్ధతిలోని సారం. కేంద్రీకృత కంప్యూటరు విభాగం దీనిని వ్యతిరేకించి, వారి కార్యాలయాన్ని రద్దు చేసినా పని రహస్యంగా సాగింది; బానిసలను విముక్త ప్రాంతాలకు చేరవేసిన 'అండర్‌గ్రౌండ్ రైల్‌రోడ్' పేరును ఆ బృందం తనకు పెట్టుకుంది. చివరికి 1982లో శాఖాధిపతి రాబర్ట్ నిమ్మో దీనిని అధికారికంగా గుర్తించాడు. విస్టా అనే పేరుతో ప్రసిద్ధికెక్కినది ఈ వ్యవస్థే.

1990లలో దీనికి చిత్ర గుర్తులతో కూడిన తెర వచ్చి చేరడంతో వైద్యులు మందులు, పరీక్షలు నేరుగా కంప్యూటరులోనే రాయసాగారు. అదే దశకంలో కాన్సస్ రాష్ట్రం టొపీకాలోని స్యూ కినిక్ అనే నర్సు, అద్దె కార్ల సంస్థ ఉద్యోగి బార్‌కోడ్ చదివే చేతి పరికరం వాడడం చూసి, రోగి చేతిపట్టీని, మందు పొట్లాన్ని అలాగే సరిపోల్చి మందు ఇవ్వవచ్చని సూచించింది. 1999 నుంచి ఆ పద్ధతి శాఖ ఆసుపత్రులన్నిటికీ విస్తరించింది. 2005లో కత్రినా తుపాను న్యూ ఆర్లీన్స్‌ను ముంచెత్తినప్పుడు వేలాది రోగుల కాగితపు రికార్డులు నీటిపాలు కాగా, చెల్లాచెదురైన మాజీ సైనికుల రికార్డులను ఇతర నగరాల ఆసుపత్రులలోని వైద్యులు తెరచి చూడగలిగారు.

పైనుంచి విధించిన పథకాల అనుభవం వేరు. లాస్ ఏంజిలిస్‌లోని సీడార్స్-సైనై ఆసుపత్రి, పని భారం పెరిగిందని వైద్యులు తిరగబడడంతో తన మందుల నమోదు వ్యవస్థను కొద్ది నెలలకే, 2003 జనవరిలో నిలిపివేసింది. ఇంగ్లండ్ 2002లో దేశమంతటికీ ఒకే పథకం చేపట్టింది; దాని మొత్తం వ్యయాన్ని 2006లో జాతీయ ఆడిట్ కార్యాలయం 1,240 కోట్ల పౌండ్లుగా అంచనా వేసింది. వైద్యుల అవసరాలను ముందుగా వినకుండా ఒప్పందాలు కుదుర్చుకున్న ఆ పథకాన్ని 2011లో ప్రభుత్వం రద్దు చేసింది. అమెరికాలో విస్టాకు బదులుగా సర్నర్ సంస్థ వ్యవస్థను తేవాలని 2018లో ప్రారంభించిన మార్పు సైతం తొలి ఆసుపత్రులలో తలెత్తిన రోగి భద్రతా లోపాల వల్ల 2023లో ఆగవలసి వచ్చింది.

భారతదేశంలో ఎలక్ట్రానిక్ రికార్డుల ప్రమాణాలను కేంద్ర ఆరోగ్య శాఖ 2013లో ప్రకటించి, 2016లో సవరించింది. హైదరాబాదులోని ఎల్.వి. ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ 2010 నుంచి సొంత బృందంతో రూపొందించిన ఐస్మార్ట్ రికార్డును వాడుతున్నది. వైద్యులే రూపకర్తలు కావడం, గ్రామ దృష్టి కేంద్రం మొదలు నగర ప్రధాన ఆసుపత్రి వరకు ఒకే రికార్డు నడవడం దీని ప్రత్యేకత. 2021 సెప్టెంబరులో దేశవ్యాప్తమైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ పౌరునికి ఆభా అనే 14 అంకెల ఆరోగ్య గుర్తింపు సంఖ్యను ఇస్తుంది. రికార్డు ఏ ఆసుపత్రిలో తయారైతే అక్కడే ఉండి, రోగి సమ్మతించినప్పుడు మాత్రమే మరొక చోటికి వెళుతుంది. అనేక ప్రభుత్వ ఆసుపత్రులలో ఓపీ కౌంటరు వరకు వచ్చిన కంప్యూటరు ఇంకా వైద్యుని బల్ల దాకా చేరలేదు. చీటీ కంప్యూటరులో ముద్రితమైనా, చికిత్స దాని మీద కలంతోనే రాయబడుతున్నది.