మన్నెగూడ దాటాక

చేవెళ్ల మర్రిచెట్లు వెనకబడ్డాయి. మన్నెగూడ చౌరస్తాలో కారు వికారాబాద్ వైపు తిరగ్గానే హోర్డింగులు మొదలవుతాయి. 'అనంతగిరికి పది నిమిషాలే.' కిలోమీటర్ల మాట ఒక్కదాని మీదా లేదు. ముందు సీట్లోని కుర్రాడు మంచినీళ్ల బాటిల్ అందిస్తాడు. "ఆరామ్‌గ చూడండ్రి సార్, కొనాల్నని ఏం లేదు." కారు ప్లాట్లు అమ్మే వెంచర్ వాళ్లదే, మధ్యాహ్నం భోజనం వాళ్లదే. తిన్నాక వద్దనడానికి మీకు మొహమాటం. ఆ ఖర్చంతా దానికోసమే.

ఆఫీసు గోడ నిండా లేఅవుట్. దగ్గరికెళ్లి చూడండి. సగానికి పైగా గడుల మీద ఎర్ర స్టిక్కర్లు. మధ్యలో మిగిలిన తెల్ల గడి మీదికే చూపు పోతుంది. "ఈస్ట్ ఫేసింగ్ ఇదొక్కటే ఉన్నది మేడం." ఈ మాట మీతో కాదు, మీ ఆవిడతో అంటాడు. ధర చెప్పేది గజాల్లో, అమ్మేది గుంటల్లో. గుంటకు 121 గజాలు. మీరు లెక్క కట్టేలోపే పాప పేరడిగి, ఆ పాప పెళ్లిదాకా వెళ్లిపోతాడు.

రెరా నంబరు అడగండి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం (రెరా) ప్రకారం 500 చదరపు మీటర్లు దాటిన వెంచర్‌కు రిజిస్ట్రేషన్ లేకుండా ప్రకటనే ఇవ్వకూడదు. "ఇది ఫామ్ ల్యాండ్ సార్, దీనికి రెరా ఉండదు." మరి బొమ్మలోని క్లబ్‌హౌస్‌కు, 40 అడుగుల రోడ్డుకు పూచీ ఎవరు? జీతంలో మిగిల్చుకుంటూ ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బు ఇది. ఇక్కడ మొహమాటపడొద్దు.

మూసీ పుట్టిన కొండ అనంతగిరి. ఆ పేరు ఎవరి సొత్తూ కాదు గనుక ఏ వెంచరైనా తగిలించుకుంటోంది.

వికారాబాద్‌లో రైలెక్కి తాండూరులో దిగండి. ఇక్కడా సరుకు అమ్మిపెట్టేది ఊరి పేరే. కానీ 2022 డిసెంబరులో తాండూరు కందికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. దానికి దరఖాస్తు చేసింది యాలాల రైతుల సంస్థ. లోతైన నల్లరేగడి, అడుగున సున్నపురాయి: ఈ పంట ఇక్కడిదే అనడానికి కారణాలు రాసి చూపించాల్సి వచ్చింది. ఇప్పుడు ఎక్కడి పప్పుకో ఆ పేరు పెట్టి అమ్మడం నేరం. కొట్టతను గుప్పెడు పప్పు మీ చేతిలో పోస్తాడు. "జల్ది ఉడుకుతది అన్నా, వండి చూడు." ఇదీ అమ్మకం మాటే. కాకపోతే నిజమో కాదో ఈ రాత్రే మీ కుక్కర్ తేల్చేస్తుంది.

ఇంతలో ఫోను. "సార్, మీ ప్లాటుకు ఇంకొకాయన టోకెన్ ఇస్తనంటున్నడు." ఇవ్వనీయండి. మీరు మాత్రం సర్వే నంబరు తీసుకుని ముందు భూ రికార్డుల పోర్టల్ భూభారతిలో, తర్వాత రెరా సైట్‌లో చూడండి. ఆ రెండూ చూసేదాకా ఒక్క రూపాయి పంపకండి.