అంతర్జాల ఉద్యోగ మోసాలు

లేని ఉద్యోగాన్ని ఉన్నట్లుగా చూపి, ఈ-మెయిల్, వెబ్ సైటు, వాట్సాప్, టెలిగ్రామ్ వంటి సాధనాల ద్వారా అభ్యర్థుల నుండి డబ్బును, వ్యక్తిగత వివరాలను లేదా శ్రమను కాజేసే నేరాలను అంతర్జాల ఉద్యోగ మోసాలు అంటారు. చదువు ముగించుకొని ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్న యువతీయువకులు, ఇంటి వద్ద నుండే పని చేయాలనుకొనే గృహిణులు, విదేశాలకు వెళ్ళదలచిన కార్మికులు వీటికి ఎక్కువగా గురవుతారు. కొన్ని మోసాలలో నష్టం కొన్ని వేల రూపాయలతో ముగుస్తుంది. మరికొన్నింటిలో బాధితుడు అప్పులపాలై, పరాయి దేశంలో నిర్బంధానికి గురై, తానే ఇతరులను మోసగించవలసిన స్థితికి నెట్టబడతాడు.

చారిత్రక నేపథ్యం

ఉద్యోగం పేరుతో మోసం అంతర్జాలంతో పుట్టినది కాదు. గోదావరి ప్రాంతానికి వలసల చరిత్ర చాలా కాలంగా ఉన్నది. ధవళేశ్వరం వద్ద సర్ ఆర్థర్ కాటన్ ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ఆనకట్ట వలన డెల్టా సస్యశ్యామలమైనది. అయినప్పటికీ భూమి లేని కుటుంబాలు పని కోసం దూర ప్రాంతాలకు పోవడం ఆగలేదు. 19వ శతాబ్దపు చివరి దశాబ్దాలలోను, 20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలోను గోదావరి, విశాఖపట్నం, గంజాం జిల్లాల నుండి వేలాది కూలీలు బర్మాకు వెళ్ళారు. రంగూన్ నగరాన్ని తెలుగువారు 'రంగం' అని పిలిచేవారు. కోరంగి రేవు పేరు మీదుగా బర్మాలో తెలుగు కూలీలకు 'కోరంగీలు' అనే పేరు స్థిరపడింది.

ఈ వలసలను నడిపినది మేస్త్రీ వ్యవస్థ. మేస్త్రీ గ్రామాలకు వచ్చి, కూలీకి అడ్వాన్సు ఇచ్చి, ఓడ ఖర్చు తానే పెట్టుకొని, తరువాత ఆ మొత్తాన్ని కూలీ జీతం నుండి రాబట్టుకొనేవాడు. కూలీ తన అసలు యజమానిని చూసేవాడు కాదు. చెప్పిన జీతం, పని నిజమో కాదో అక్కడికి చేరిన తరువాత గాని తెలిసేది కాదు. అప్పు తీరేదాకా తిరిగి వచ్చే వీలు ఉండేది కాదు.

నేటి మోసాలలోను ఇదే లక్షణం కనిపిస్తుంది. అభ్యర్థికి, యజమానికి మధ్య మరొక వ్యక్తి ఉంటాడు. అతని మాట తప్ప వేరే ఆధారం ఉండదు. అయితే మేస్త్రీ ఊరి వారికి తెలిసిన మనిషి. అంతర్జాలంలోని మధ్యవర్తికి ముఖం, ఊరు, అసలు పేరు ఏవీ తెలియవు.

ప్రధాన రకాలు

రుసుము మోసం: ప్రసిద్ధ సంస్థ పేరుతో నకిలీ నియామక పత్రాన్ని పంపి, రిజిస్ట్రేషన్, శిక్షణ, లాప్‌టాప్, ధ్రువపత్రాల పరిశీలన వంటి పేర్లతో డబ్బు అడుగుతారు. ఈ సొమ్మును 'తిరిగి ఇచ్చే డిపాజిట్' అని చెప్పడం పరిపాటి. ఒకసారి చెల్లించిన వారిని మరొక కారణం చూపి మళ్ళీ అడుగుతారు.

దొడ్డిదారి ఉద్యోగాలు: సాఫ్ట్‌వేర్ రంగంలో వీటిని 'బ్యాక్‌డోర్' ఉద్యోగాలు అంటారు. పరీక్ష, సరైన ఇంటర్వ్యూ లేకుండా ఉద్యోగం ఇప్పిస్తామని కన్సల్టెన్సీలు లక్షల్లో వసూలు చేస్తాయి. కొన్ని సందర్భాలలో ఒకటి రెండు నెలలు జీతం కూడా ఇస్తారు. అది అభ్యర్థులు కట్టిన డబ్బులోనిదే. తరువాత కార్యాలయం మూతపడుతుంది.

డేటా ఎంట్రీ మోసం: ఇంటి వద్ద టైపు చేసే పని ఇచ్చి, ఒప్పంద పత్రంపై సంతకం తీసుకొంటారు. పని పూర్తయిన తరువాత తప్పులు ఎక్కువగా ఉన్నవని చెప్పి జీతం ఎగ్గొడతారు. పైగా ఒప్పందాన్ని ఉల్లంఘించినందుకు జరిమానా కట్టాలని వకీలు పేరుతో నోటీసు పంపి బెదిరిస్తారు.

టాస్క్ మోసం: యూట్యూబ్ వీడియోలను లైక్ చేయడం, హోటళ్ళకు రేటింగు ఇవ్వడం వంటి చిన్న పనులకు డబ్బు ఇస్తామని నమ్మిస్తారు. భారత ప్రభుత్వం 2023 డిసెంబరులో ఇటువంటి టాస్క్ ఆధారిత పార్ట్ టైమ్ ఉద్యోగ మోసాలకు, పెట్టుబడి మోసాలకు వాడుతున్న 100కు పైగా వెబ్ సైట్లను నిలిపివేసింది.

ఖాతా అద్దె: 'మీ బ్యాంకు ఖాతాలోకి వచ్చిన సొమ్మును మరొక ఖాతాకు పంపితే కమీషను ఇస్తాము' అనే ఉద్యోగం. ఆ సొమ్ము వేరొకరి నుండి దోచుకొన్నది. పోలీసుల విచారణలో మొదట బయటపడేది ఖాతాదారుని పేరే.

టాస్క్ మోసం జరిగే తీరు

ఈ మోసం మెట్లు మెట్లుగా సాగుతుంది. ఉదాహరణకు, మొదటి రోజు మూడు వీడియోలను లైక్ చేసిన వ్యక్తికి 150 రూపాయలు నిజంగానే ఖాతాలో పడతాయి. దీనితో నమ్మకం కుదురుతుంది. తరువాత అతనిని ఒక టెలిగ్రామ్ బృందంలో చేర్చి, 1,000 రూపాయలు ముందుగా కట్టి 'ప్రీపెయిడ్ టాస్క్' చేయమంటారు. 1,300 రూపాయలు తిరిగి ఇస్తారు. బృందంలోని ఇతర సభ్యులు తాము వేలల్లో సంపాదించినట్లు చిత్రాలు పెడుతుంటారు. వారిలో ఎక్కువమంది మోసగాళ్ళ మనుషులే.

తరువాతి టాస్క్ 5,000, ఆపై 30,000 రూపాయలకు చేరుతుంది. తెరపై లాభం పెరుగుతూ కనిపిస్తుంది గాని వెనుకకు తీసుకోవడానికి వీలుపడదు. 'టాస్క్ తప్పుగా చేశారు', 'పన్ను కట్టాలి', 'ఖాతా స్తంభించింది' అని చెప్పి మరికొంత కట్టమంటారు. అప్పటికే పెట్టిన సొమ్మును పోగొట్టుకోలేక బాధితుడు అప్పు చేసి మరీ కడతాడు. ఈ మోసానికి బలం మొదటి 150 రూపాయలలో కంటే ఈ భయంలోనే ఎక్కువగా ఉన్నది.

కాంబోడియా, మయన్మార్ ఉదంతాలు

2022 సెప్టెంబరులో భారత విదేశాంగ మంత్రిత్వ శాఖ ఒక హెచ్చరిక జారీ చేసింది. థాయిలాండ్‌లో 'డిజిటల్ సేల్స్ అండ్ మార్కెటింగ్ ఎగ్జిక్యూటివ్' ఉద్యోగాల పేరుతో సాంకేతిక విద్య చదివిన యువకులను ఆకర్షించి, అక్రమంగా సరిహద్దు దాటించి మయన్మార్‌కు తరలించి నిర్బంధిస్తున్నారని అందులో పేర్కొన్నది. ఇలా తరలించినవారిని ఉంచే స్థావరాలు ఎక్కువగా థాయిలాండ్ సరిహద్దున ఉన్న మ్యావాడి పట్టణ పరిసరాలలో ఉన్నవి. ఒకనాడు గోదావరి కూలీలు వెళ్ళిన 'రంగం' కూడా ఈ దేశంలోనిదే.

2024 మే నెలలో విశాఖపట్నం నగర పోలీసులు కాంబోడియాకు జరుగుతున్న ఇటువంటి తరలింపును బయటపెట్టి ఏజెంట్లను అరెస్టు చేశారు. డేటా ఎంట్రీ ఉద్యోగాలని చెప్పి, ఒక్కొక్కరి నుండి లక్ష రూపాయలకు పైగా వసూలు చేసి యువకులను పంపినట్లు విచారణలో తేలింది. అక్కడ వారి చేత భారతీయులకే ఫోన్లు చేయించి సైబర్ మోసాలు చేయించారు. అదే నెలలో కాంబోడియాలోని సిహనూక్‌విల్‌లో భారతీయులు తిరగబడ్డారు. భారత రాయబార కార్యాలయం, స్థానిక అధికారుల సాయంతో పలువురు విడుదలై స్వస్థలాలకు చేరారు.

2025 మార్చి 10, 11 తేదీలలో మయన్మార్ స్థావరాల నుండి బయటపడిన 549 మంది భారతీయులను వాయుసేన విమానాలలో థాయిలాండ్‌లోని మే సోట్ నుండి స్వదేశానికి తీసుకొనివచ్చారు. వీరిలో ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వారు కూడా ఉన్నారు.

ఈ ఉదంతాలను బట్టి టాస్క్ మోసాలకు, విదేశీ ఉద్యోగ మోసాలకు గల సంబంధం తెలుస్తుంది. ఒక ఉద్యోగ ప్రకటనకు మోసపోయిన యువకుని చేత మరొకరికి అటువంటి సందేశమే పంపిస్తారు.

గుర్తించే లక్షణాలు

* ఉద్యోగం ఇచ్చేవారే అభ్యర్థిని డబ్బు అడగడం. జీతం సంస్థ నుండి ఉద్యోగికి రావలసినదే గాని ఉద్యోగి నుండి సంస్థకు పోవలసినది కాదు. ప్రభుత్వ నియామక సంస్థల పరీక్ష రుసుము ఇందుకు మినహాయింపు; దానిని అధికారిక వెబ్ సైటులో మాత్రమే కట్టాలి.
* దరఖాస్తు చేయకుండానే ఎంపికైనట్లు సందేశం రావడం.
* ఇంటర్వ్యూ లేకపోవడం, లేదా కేవలం చాటింగ్‌లో జరగడం.
* అర్హతకు, అనుభవానికి పొంతన లేని జీతం.
* 'ఈ రోజే చివరి అవకాశం' అని తొందరపెట్టడం, ఇంట్లో వారికి చెప్పవద్దనడం.
* వ్యక్తిగత ఖాతాకు, లేదా మారిపోయే యూపీఐ చిరునామాలకు డబ్బు పంపమనడం.
* ఓటీపీ, యూపీఐ పిన్ అడగడం. డబ్బు అందుకోవడానికి పిన్ అవసరం లేదు, పంపడానికే అవసరం.

నిర్ధారించుకొనే పద్ధతి

వెబ్ చిరునామాలో 'https://' తరువాత వచ్చే మొదటి అడ్డగీతకు ముందున్న భాగాన్ని కుడి నుండి ఎడమకు చదవాలి. చివరి రెండు మూడు పదాలే అసలు యజమానిని తెలుపుతాయి. ఎడమ వైపున 'రైల్వే' అని ఉన్నంత మాత్రాన అది రైల్వే వారిది కాదు. 'గవ్ డాట్ ఇన్' అనే ముగింపు ప్రభుత్వ సంస్థలకే ఇవ్వబడుతుంది. ఆంధ్ర ప్రదేశ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్, రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డుల నియామకాలు బహిరంగ ప్రకటన ద్వారానే జరుగుతాయి. మధ్యవర్తులకు వాటిలో స్థానం లేదు.

ప్రైవేటు ఉద్యోగమైతే, సందేశంలో ఇచ్చిన ఫోను నంబరుకు కాక, సంస్థ అధికారిక వెబ్ సైటులో ఉన్న నంబరుకు ఫోను చేసి అడగాలి. నియామక పత్రంపై ముద్ర, సంతకం ఉండడం రుజువు కాదు. వాటిని కంప్యూటరులో సులభంగా తయారు చేయవచ్చు.

విదేశీ ఉద్యోగాల విషయంలో

1983 నాటి వలసల చట్టం ప్రకారం విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంటు విదేశాంగ మంత్రిత్వ శాఖ వద్ద నమోదై ఉండాలి. నమోదైన ఏజెంట్ల జాబితాను ఈ-మైగ్రేట్ వెబ్ సైటులో చూడవచ్చు. ఏజెంటు సేవా రుసుముగా 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మించి తీసుకోరాదు, రశీదు ఇవ్వాలి. గ్రామాలలో తిరిగే సబ్ ఏజెంట్లకు చట్టబద్ధమైన గుర్తింపు లేదు.

పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారి పాస్‌పోర్టుపై సాధారణంగా 'ఈసీఆర్' అనే ముద్ర ఉంటుంది. వీరు కువైట్, సౌదీ అరేబియా, మలేషియా వంటి 18 దేశాలకు ఉద్యోగం కోసం వెళ్ళడానికి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ అనుమతి తప్పనిసరి. ఇళ్ళలో పనికి గల్ఫ్ వెళ్ళే మహిళలు గోదావరి జిల్లాలలో చాలామంది ఉన్నారు. ఈసీఆర్ పాస్‌పోర్టు గల మహిళలకు కనీసం 30 ఏళ్ళ వయసు ఉండాలి. వీరి నియామకాలు 2016 నుండి ప్రభుత్వ సంస్థల ద్వారానే జరగాలి. ఆంధ్ర ప్రదేశ్‌లో అటువంటి సంస్థ ఓవర్సీస్ మ్యాన్‌పవర్ కంపెనీ.

టూరిస్టు వీసాపై వెళ్ళి అక్కడ ఉద్యోగ వీసాగా మార్చుకోవచ్చని ఏజెంటు చెబితే ప్రయాణం మానుకోవడం మేలు. అటువంటి ప్రయాణంలో ఉద్యోగ వివరాలు ప్రభుత్వం వద్ద నమోదు కావు.

సంబంధిత చట్టాలు

ఉద్యోగం పేరుతో వంచించి డబ్బు తీసుకోవడం 2024 జూలై 1 నుండి అమలులో ఉన్న భారతీయ న్యాయ సంహితలోని 318వ సెక్షన్ క్రింద నేరం. అంతకు ముందు ఇది భారత శిక్షా స్మృతిలోని 420వ సెక్షన్ క్రిందికి వచ్చేది. కంప్యూటరు సాధనంతో వేరొకరి వేషంలో మోసగించినవారికి సమాచార సాంకేతిక చట్టం 66-డి ప్రకారం మూడేళ్ళ వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. నమోదు లేని విదేశీ ఏజెంటుకు వలసల చట్టం 24వ సెక్షన్ ప్రకారం రెండేళ్ళ వరకు జైలుశిక్ష పడుతుంది.

మోసపోయిన తరువాత చేయవలసినవి

మోసం జరిగినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. దోచిన సొమ్ము కొద్ది సమయంలోనే పలు ఖాతాలు మారుతుంది. అది ఏదో ఒక ఖాతాలో ఉండగానే ఫిర్యాదు అందితే బ్యాంకు దానిని నిలిపివేయగలదు. 2019లో ప్రారంభమైన నేషనల్ సైబర్ క్రైమ్ రిపోర్టింగ్ పోర్టల్‌లోను ఫిర్యాదు నమోదు చేయవచ్చు. సొమ్ము పంపిన తేదీ, సమయం, 12 అంకెల యూపీఐ రిఫరెన్సు సంఖ్య, చాటింగ్ చిత్రాలు సిద్ధంగా ఉంచుకోవాలి, సందేశాలను చెరిపివేయరాదు.

నేరం ఎక్కడ జరిగినా ఏ పోలీసు స్టేషనులోనైనా ఫిర్యాదు ఇవ్వవచ్చునని భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్ చెబుతున్నది. విదేశాలలో చిక్కుకొన్నవారి కుటుంబ సభ్యులు విదేశాంగ శాఖ వారి 'మదద్' పోర్టల్‌లో వివరాలు నమోదు చేయవచ్చు. ఆ దేశంలోని భారత రాయబార కార్యాలయాన్ని కూడా సంప్రదించాలి.

'పోయిన డబ్బు తిరిగి ఇప్పిస్తాము' అంటూ బాధితులనే మళ్ళీ సంప్రదించి రుసుము అడిగేవారు ఉన్నారు. ఇది మొదటి మోసానికి కొనసాగింపే. చాలామంది బాధితులు ఇంట్లో తెలిస్తే పరువు పోతుందని మౌనంగా ఉండి, పోయిన సొమ్మును పూడ్చుకోవడానికి ఇంకా అప్పు చేస్తారు. ఈ ఆలస్యమే మోసగాళ్ళకు ఎక్కువగా ఉపయోగపడుతుంది. తొలి గంటలలోనే ఇంట్లో చెప్పి ఫిర్యాదు చేసినవారికి సొమ్ములో కొంతైనా దక్కే అవకాశం ఉంటుంది.