పింగాణీ గిన్నెలు – మూగసాక్ష్యం

ఇంట్లోని కొండపల్లి బొమ్మనో, వెండి కుంకుమభరిణెనో దగ్గరగా ఫోటో తీయబోయి నిరాశపడినవారు శ్రోతలలో కొందరైనా ఉంటారు. మనుషులను చక్కగా చూపే కెమెరాయే అరచేతిలో ఇమిడే వస్తువు ముందు తడబడుతుంది. ఈ చిక్కు ఛాయాచిత్రకళతోపాటు పుట్టినదే.

ఇంగ్లండులో లేకాక్ అబ్బీ అనే ప్రాచీన భవనంలో విలియం హెన్రీ ఫాక్స్ టాల్బట్ అనే విద్వాంసుడు నివసించేవాడు. కాగితంమీద వెలుగుచేతనే బొమ్మ గీయించిన తొలివారిలో ఆయన ఒకడు. 1844 నుండి 1846 వరకు భాగాలుగా వెలువడిన ఆయన గ్రంథం ‘ది పెన్సిల్ ఆఫ్ నేచర్’లో 24 చిత్రాలున్నవి. వాటిలో మూడవది, అరలలో బారులుతీర్చిన పింగాణీ పాత్రల చిత్రం. దాని కింద టాల్బట్ వ్రాసినది చిత్రమైన ఊహ. ఇన్ని వస్తువులకు పట్టిక వ్రాయడం ఎంతో శ్రమ. కెమెరాకు మాత్రం ఒకటైనా నూరైనా ఒక్కటే. రేపు దొంగ వీటిని ఎత్తుకుపోతే ఈ మూగచిత్రాన్నే న్యాయస్థానంలో సాక్షిగా నిలబెట్టవచ్చునట! అప్పుడు న్యాయమూర్తి ఏమంటాడో న్యాయవాదులే తేల్చుకోవాలని ఆయన చమత్కరించినాడు.

బాగానే ఉన్నది. కాని సాక్షి నిజం చెప్పవలెను గదా! ఆ తరువాతి చిత్రం గాజుపాత్రలది. తెల్లని పింగాణీని, గాజును కలిపి తీస్తే, గాజు రూపం ఏర్పడనారంభించేసరికే పింగాణీ రూపం పూర్తి అయిపోతుందని టాల్బట్ అక్కడ ఒప్పుకొన్నాడు. నీలిరంగు ఆ కాగితంపై దాదాపు తెలుపంత వేగంగా పనిచేసేది. ఆకుపచ్చ అతి మందంగా పనిచేసేది. అంటే తెల్లగిన్నె మీది నీలిపూలు చిత్రంలో దాదాపు మాయమైనట్లే. ఆనాటి సాక్షి రంగులు తెలియనివాడు!

నిగనిగలాడే వస్తువుతో మరొక బాధ. 1853 ప్రాంతంలో చార్లెస్ థర్‌స్టన్ థామ్సన్ ఒక వెనీసు అద్దపు చట్రంలోని నగిషీని చిత్రించినాడు. నగిషీతోపాటు, అద్దంలో తానూ తన కెమెరా కూడా పడినారు. లండనులోని సౌత్ కెన్సింగ్టన్ మ్యూజియానికి ఆయనే మొదటి అధికార ఛాయాగ్రాహకుడు. 1868లో ఆయన మరణించగా, ఆ పనిని ఆయన సోదరి ఇసబెల్ ఆగ్నెస్ కౌపర్ చేపట్టి 1891 వరకు నిర్వహించినది. ఆమె పేరు చాలాకాలం మరుగున పడి ఉండడం విచారకరం.

వీరందరినీ పరీక్షించినది ఒకే సూత్రం. వస్తువును దాని అసలు పరిమాణంలోనే పలకమీదికి దింపవలెనంటే, కటకానికి దాని నాభ్యంతరానికి రెట్టింపు దూరంలో పలక ఉండవలెను. ఆరంగుళాల కటకమైతే పన్నెండంగుళాలు. దూరం రెట్టింపయితే వెలుగు నాలుగవ వంతవుతుంది. కాబట్టి నాలుగురెట్ల కాలం వేచి ఉండవలెను. పైగా అంత దగ్గరలో బొమ్మ ముక్కు స్పష్టంగా ఉంటే చెవి మసకబారుతుంది. రెండూ తేటపడవలెనంటే కటకరంధ్రాన్ని కుదించవలెను. అప్పుడు కాలం మరింత పెరుగుతుంది. అదృష్టవశాత్తు కొండపల్లి బొమ్మ కదలదు.

దానిని కిటికీ పక్కన ఉంచి చూడండి. ఎదుటినుండి వెలుగు పడితే బొమ్మ చదునుగా కనబడుతుంది. ప్రక్కనుండి వాలుగా పడితే పొణికికర్రపై పనివాని ఉలి నడచిన జాడలు సైతం పైకి తేలుతాయి. చెంత ఒక అంగుళాల బద్ద కూడా పెట్టండి. అది లేకుంటే, చూచేవానికి ఆ ఏనుగు జానెడో మూరెడో తెలియదు.