తవ్వే కుక్కని తిట్టే ముందు

పోయిన ఎపిసోడ్‌లో వన్-నార్త్ పాత బంగళాల గురించి చెప్తూ, కుక్క తవ్విన గుంటల సంగతి సగంలో వదిలేశాను. మిగతాది ఇక్కడ రాస్తున్నా.

వన్-నార్త్ అంటే మనకి గుర్తొచ్చేది బయోపోలిస్, ఫ్యూజనోపోలిస్ అద్దాల భవనాలే. 2001లో మొదలైన ప్రాంతం అది. సింగపూర్ భూమధ్యరేఖకి ఒక డిగ్రీ ఉత్తరాన ఉంది కాబట్టి ఆ పేరు. కానీ ఆ భవనాల పక్కనే రోచెస్టర్ పార్క్, వెసెక్స్ ఎస్టేట్ ఉన్నాయి. బ్రిటిష్ సైన్యం తమవాళ్ల కోసం కట్టిన ఇళ్లు. 1971లో సైన్యం వెళ్లిపోయింది, ఇళ్లు మిగిలాయి. తెల్లటి గోడలు, నల్లరంగు వేసిన కొయ్య, వెడల్పాటి వరండాలు, చుట్టూ పెద్ద తోట.

అప్పట్లో నాది తోటపని. అలాంటి ఒక ఇంట్లో జాక్ రసెల్ జాతి కుక్క ఉండేది. నేను పరిచిన గడ్డిని మూడుసార్లు పెకలించింది. "ఇంకోసారి అయితే గడ్డి ఖర్చు నీ జీతంలోంచే" అన్నాడు సూపర్‌వైజర్. ఇంటావిడేమో ఇక గొలుసు వేసేస్తానంది. "కారప్పొడి చల్లరా, మళ్లీ ఆ వైపు రాదు" అన్నాడు నాతో పనిచేసే అన్న. కళ్లలో, ముక్కులో కారం పడితే ఆ మూగజీవి ఏమైపోవాలి? నాకు చేతులు రాలేదు.

ఆ రాత్రి డార్మిటరీలో పడుకుని ఫోన్‌లో ఆ జాతి చరిత్ర చదివాను. 19వ శతాబ్దంలో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో జాన్ రసెల్ అనే పాస్టరు నక్కల వేట కోసం పెంచిన కుక్కల నుంచి వచ్చింది అది. నక్క బొరియలో దూరితే వెంటపడి బయటికి తరమడం దాని పని. టెరియర్ అన్న మాటే నేల అనే అర్థమున్న లాటిన్ మాట నుంచి పుట్టింది. అంటే తవ్వడం దాని పొగరు కాదు, తాతల నాటి వృత్తి! వృత్తిని తిట్టి మాన్పించగలమా?

రెండు రోజులు గమనించాను. సాయంత్రం పూట చెట్ల వేళ్ల దగ్గర వాసన చూస్తూ తవ్వేది. అది వేట. మధ్యాహ్నం కుళాయి పక్కన తడి మట్టి తవ్వి, ఆ గుంటలోనే పడుకునేది. అది ఎండ. కుక్కకి పాదాల్లో తప్ప చెమట పెద్దగా పట్టదు. మా ఊళ్లో కుక్కలూ ఎండాకాలం నీళ్లతొట్టి పక్కన ఇదే చేసేవి. దొరలు చల్లగాలి కోసం వరండాలు కట్టుకున్నారు, కుక్క గుంట తవ్వుకుంది. తేడా ఏముంది?

ఇంటావిడకి నాకొచ్చిన ఇంగ్లీషులోనే చెప్పాను. చెట్టునీడలో ఒక మూల ఇసుక పోసి, అందులో దాని బొమ్మలు పాతిపెట్టాం. గడ్డిలో తవ్వితే తిట్టకుండా ఇసుక దగ్గరికి తీసుకెళ్లడం, అక్కడ తవ్వితే మెచ్చుకోవడం. పొద్దున్నే గంటసేపు నడక. మధ్యాహ్నం నీడ, నీళ్లు.

ఒక్కరోజులో మారలేదు. కొన్ని వారాలు పట్టింది. గడ్డి నిలిచింది, నా జీతం నిలిచింది, దాని మెడకి గొలుసూ పడలేదు.

ఇంటి నుంచి ఫోన్ చేసి "కుక్క పెరడంతా తవ్వేస్తోంది, కట్టేయమంటావా?" అని అమ్మ అడిగితే, ముందు ఒక్కటి అడగండి: ఏ వేళప్పుడు తవ్వుతోందమ్మా?